పక్కన ఒకరుండాలి

గాగుల్స్ పెట్టుకున్నవాడు
చట్టం లెక్కలో చూపు లేనివాడు,
ఎంత దూరం చూస్తున్నా సరే.
పక్కన ఒకరుండాలి.
చెయ్యి చాస్తే తగిలేంత పక్కన,
ఉత్త కళ్లతో.
బైనాక్యులర్స్ పనికిరావట. అడిగాను.

అలా దొరికింది నాకీ ఉద్యోగం.
ఇరవై రెండేళ్లు బడి ముందు, వేల్స్ వానలో,
పసుప్పచ్చ కోటు వేసుకుని
లారీల్నీ పాలబండ్లనీ ఆపినదాన్ని.
ఇప్పుడు ఆకాశానికి కాపలా.

మాక్సెన్‌కి పదిహేనేళ్లు.
మార్చిలో వచ్చాడు మా ఇంటికి,
రెండు సంచులు, వెనకాల ఒక సోషల్ వర్కరు,
విరిగిన ప్రొపెల్లర్లు నింపిన బూట్ల డబ్బా.
నన్నేమని పిలవాలో తేల్చుకోలేక
ఏమనీ పిలవడు.
"ఉప్పు" అంటాడు. "తలుపు" అంటాడు.

పరీక్ష రాశాడు, పాసయ్యాడు,
ఎగరేసేవాడిగా వాడి నంబరు వాడికొచ్చింది.
డ్రోన్‌కి పూచీ పడాలంటే మాత్రం
పద్దెనిమిది నిండాలి.
అందుకని దాని పొట్ట మీద చీటీలో ఉన్నది నా నంబరు,
చీమ తలకాయంత అక్షరాల్లో.
ఊపిరి బిగబట్టి పట్టకారుతో అంటించాడు.
అది ఎవరి నెత్తిన పడ్డా
పోలీసులు తట్టేది నా తలుపే.

ఊరవతల మూతపడ్డ పలకరాతి గని.
ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్న రాయి
ఇక్కడ గుట్టలుగా మిగిలింది.
గొర్రెల గెథిన్‌ని అడిగితే
"ఈతలు అయ్యాక రండి" అన్నాడు.
మే నెల దాకా ఆగాం.

ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతాడు, ఎగరేసే ముందు:
మనిషికి యాభై మీటర్లు,
ఇళ్లకి నూట యాభై,
పైకి నూట ఇరవై.
"ఆపైన?" అంటాను.
"ఆపైన మనది కాదు."

అప్పుడిక కళ్లకు గంత కట్టుకుంటాడు.
సీసాలో చిక్కిన కందిరీగ రొద.
అది మలుపు తిరిగితే వీడి భుజం ఒరుగుతుంది,
అది దూకితే వీడి నోరు తెరుచుకుంటుంది.
నా పక్కనే ఉంటాడు, ఇక్కడ ఉండడు.
తుప్పు పట్టిన పట్టాల మీదుగా,
పచ్చనీళ్ల గుంత మీదుగా,
నేను మోకాళ్ల నొప్పితో ఎన్నడూ ఎక్కలేని అంచు మీదుగా పోతుంటాడు.
నాకు కనబడేది మాత్రం
నువ్వుగింజంత నలుపు.
రెప్ప వేస్తే పోతుంది.
ఎవరి సగం వాళ్లకి.

ఆ రోజు
చెవికంటే ముందు నా పక్కటెముకలకి తెలిసింది.
కొండ వెనక నుంచి ఎర్ర హెలికాప్టరు,
ఎవరో జారిపడి ఉంటారు పైన,
గని మీదికే వస్తోంది, తల వంచుకుని.
వాడి తెరలో ఉన్నది
ఖాళీ నీలం.

"దించు."

అది నా వంటింటి గొంతు కాదు.
రోడ్డు మీది గొంతు.
బ్రేకులు కీచుమనే గొంతు.
ఎందుకని అడగలేదు వాడు.
వచ్చిన నాటినుంచి
స్నానం చెయ్యమన్నా ఎందుకు అనే పిల్లాడు.
రెండు బొటనవేళ్లూ కిందికి లాగేశాడు.

నువ్వుగింజ రాలిపోయింది.
హెలికాప్టరు మా జుట్టు రేపి వెళ్లిపోయింది.
గాగుల్స్ తీసి, దాని తోకని చూసి,
తెల్లబోయి పలకరాయి మీద కూర్చున్నాడు.
నేను కూడా.

రెండు గంటలు వెతికాం నడుమెత్తు ఫెర్న్ పొదల్లో,
అది కీ కీ అంటుంటే ఆగి, వింటూ, తప్పిపోతూ.
చివరికి ఒక గొర్రె దొరికించింది,
తన కొత్త పిల్లేమో అన్నట్టు వాసన చూస్తూ.
ఒక చెయ్యి విరిగింది.
చీటీ చెక్కుచెదరలేదు.

దిగుతూ అడిగాడు,
"అప్పటికి ఎంత దూరంలో ఉందది?"
తెలీదన్నాను.
రోడ్డు మీదా తెలిసేది కాదు.
ఇంక చాలు అనిపించగానే చెయ్యెత్తేదాన్ని.

రాత్రి భోజనాల దగ్గర
"ఉప్పు" అన్నాడు.
జరిపాను.
కాసేపు బఠాణీలు కెలికి,
ప్లేటుకి చెబుతున్నట్టు,

"శనివారం గాలి తక్కువట."